పాత యజమాని వ్రాసిన మాట

పని కోరి వచ్చిన మనుష్యుని మనము మొదట అడుగు ప్రశ్న ఒకటే. "ఇంతకు ముందు ఎచట పని చేసితివి? ఎందుకు మానితివి?" వంటవానినైనను, గుమాస్తానైనను, కారు నడుపువానినైనను ఇట్లే అడుగుదుము. ఆ ప్రశ్నకు అతడు చెప్పు సమాధానము ఒకటి యుండును. అతని పాత యజమాని చెప్పు సమాధానము మరియొకటి యుండును. ఆ రెండును కలియనపుడు ఎవరి మాట నమ్మవలెను? సాధారణముగా మనము యజమాని మాటయే నమ్ముదుము. యజమాని ఒకచోట స్థిరముగా నున్నవాడు. పనివాడు మన గడప ముందు నిలిచి యున్నవాడు. ఇంతకు మించిన విచారణ మనలో అనేకులు చేయరు.

ఈ చిన్న విషయమే అమెరికా సంయుక్త రాష్ట్రములలో లారీ డ్రైవరు వృత్తిలో క్రొత్తగా ప్రవేశించువారికి ఎంత పెద్ద సమస్యగా పరిణమించినదో ఈ ప్రసంగములో మనవి చేయదలచినాను. దేశము దూరమైనను విషయము మనకు దూరమైనది కాదు. హైదరాబాదులో కంపెనీ మారు యువకుల ఇండ్లలో "రిలీవింగు లెటరు వచ్చినదా?" అను ప్రశ్న తరచుగా వినబడుచునే యున్నది. అమెరికాలో కంప్యూటరు ఉద్యోగములు చేయు మన పిల్లలకును పూర్వోద్యోగ విచారణ పరిచితమే. అయితే ఆ విచారణ లారీ డ్రైవరు విషయమున తాల్చిన కాఠిన్యము వేరు.

మన ప్రాంతమున లారీ డ్రైవరు తయారగు సంప్రదాయ మార్గము మీరెరుగుదురు. బడి విడిచిన కుర్రవాడు క్లీనరుగా చేరును. టైర్లు విప్పును, అద్దములు తుడుచును, తాళ్లు బిగించును, రాత్రివేళ బండికి కాపలాగా పండుకొనును. డ్రైవరు వద్ద కొన్ని ఏండ్లు పని నేర్చి, పిమ్మట లైసెన్సు సంపాదించును. విజయవాడ ఆటోనగరులో గాని, మరియొక ఊరి లారీ ఆఫీసులో గాని ఎవరైనను అతనిని గూర్చి విచారించినచో ఆ గురువు నోటి మాటయే సిఫార్సు. అపకీర్తియు నోటి మాటగానే ప్రాకును. కాని మనిషి ఊరు మారినపుడు ఆ మాట కొంత వెనుకబడును. అమెరికాలో ఆ మాట మొదట కాగితమున కెక్కినది. పిమ్మట కంప్యూటరున కెక్కినది. ఊరు మారినను, రాష్ట్రము మారినను, వేయి మైళ్లు పోయినను అది మనిషికంటె ముందుగా పోయి కూర్చుండును.

అచట దూరప్రయాణపు లారీ సరకుతో కలిపి 80,000 పౌనుల వరకు, అనగా సుమారు 36 టన్నుల వరకు, జాతీయ రహదారులపై నడచును. వెనుక తగిలించు ట్రెయిలరు తరచుగా 53 అడుగుల పొడవుండును. ఇట్టి బండిని నడుపుటకు ప్రత్యేకమైన లైసెన్సు ఉండవలెనని 1986 లో అచటి కాంగ్రెసు చట్టము చేసినది. అంతకు పూర్వము ఒకే డ్రైవరు రెండు మూడు రాష్ట్రములలో వేర్వేరు లైసెన్సులు సంపాదించి, ఒకచోట పడిన మచ్చను మరియొకచోట దాచుకొనుటకు అవకాశముండెను. ఆ చట్టము ఒక మనిషికి ఒకే లైసెన్సు అను నియమమును పెట్టినది. 1992 ఏప్రిల్ 1 నుండి ఆ ప్రత్యేక లైసెన్సు లేనివాడు పెద్ద లారీ నడుపరాదు. 2022 ఫిబ్రవరి 7 నుండి, క్రొత్తగా ఆ లైసెన్సు కోరువాడు ప్రభుత్వ పట్టికలో నమోదైన శిక్షణాలయమున చదివి తీరవలెను.

ఈ శిక్షణకు కొన్ని వేల డాలర్లు ఖర్చగును. అంత సొమ్ము లేని యువకుని పెద్ద కంపెనీలు పిలిచి, "మేమే నేర్పెదము, మాయొద్ద ఒక సంవత్సరము పని చేయుము, మధ్యలో మానినచో శిక్షణకైన సొమ్ము చెల్లింపుము" అని ఒడంబడిక వ్రాయించుకొనుట వాడుక. కొన్ని వారముల చదువు, మరి కొన్ని వారములు అనుభవజ్ఞుడైన డ్రైవరు ప్రక్కన కూర్చుండి ప్రయాణము. ఆపైన బండి తాళము చేతికి వచ్చును. ఆ దినము నుండి అతడు వారముల తరబడి ఇల్లు చూడడు. ఆ మొదటి సంవత్సరమే కష్టమైన సంవత్సరము. గోదాము వాకిట ట్రెయిలరును వెనుకకు నడుపుటలో అద్దము విరుగును. చీకటిలో ఇనుప స్తంభము తగులును. దారి తప్పి తక్కువ ఎత్తు వంతెన క్రిందికి పోవుటయు కలదు. నేర్చుకొను కాలమున జరుగు ఈ చిన్న పొరపాట్లును లెక్కకు వచ్చును.

ఈ లెక్కలు నాలుగు విధములు. మొదటిది, రాష్ట్ర ప్రభుత్వమువద్ద నుండు లైసెన్సు చరిత్ర. రెండవది, కేంద్ర రవాణా భద్రతా శాఖవారి పట్టిక. 2010 నుండి, డ్రైవరు వ్రాతమూలకముగా సమ్మతించినచో, క్రొత్త యజమాని దీనిని చూడవచ్చును. ఇందు గడచిన 5 సంవత్సరముల ప్రమాదములును, 3 సంవత్సరములలో రోడ్డుపై జరిగిన తనిఖీల ఫలితములును ఉండును. మూడవది, మత్తు పదార్థములు, మద్యము పరీక్షలలో తప్పినవారి పట్టిక. ఇది 2020 జనవరి 6 న అమలులోనికి వచ్చినది. పనిలో చేర్చుకొనుటకు ముందు ప్రతి యజమానియు దీనిని విచారింపవలసినదే.

ఈ మూడును ప్రభుత్వపు లెక్కలు. నాలుగవది పాత యజమాని మాట. కేంద్ర నిబంధనల ననుసరించి, క్రొత్త యజమాని గడచిన 3 సంవత్సరములలో అభ్యర్థి పని చేసిన రవాణా కంపెనీలనుండి అతని భద్రతా చరిత్రను విచారింపవలెను; పాత యజమాని 30 దినములలో సమాధాన మీయవలెను. ఈ విచారణను సులభము చేయుటకు ప్రైవేటు సంస్థలు వెలసినవి. వానిలో ప్రసిద్ధమైనది డ్రైవర్ల వాడుకలో "డాక్ రిపోర్టు" అని పేరు పడినది. దీనిని ఈనాడు హైర్‌రైట్ అను సంస్థ నడుపుచున్నది. సభ్యత్వము గల కంపెనీ, డ్రైవరు పని మానిన పిమ్మట అతడు ఎంతకాలము పని చేసెను, ఏ బండి నడిపెను, ఏ ప్రమాదములు జరిగెను, ఎందుకు మానెను, మరల చేర్చుకొనదగునా కాదా అని పంపును. మరియొక కంపెనీ ఆ మాటను చూచి నిర్ణయించుకొనును.

ఇట్టి ఏర్పాటు అసలే వలదని ఎవరును అనరు. త్రాగి లారీ నడిపిన వానిని, పదే పదే ప్రమాదములు చేసిన వానిని ఏమియు తెలియక పనిలో పెట్టుకొన్న యెడల, ఆ రోడ్డున పోవు కుటుంబములకు ఎంత అపాయము! నిజము వ్రాయు యజమానికి రక్షణ కావలెననియే, తెలిసి తెలిసి అబద్ధము వ్రాసిననే తప్ప పాత యజమానిపై పరువునష్టపు దావా సాగకుండునట్లు నిబంధనలలో ఏర్పరచినారు. ఇంతవరకు న్యాయమే.

చిక్కంతయు వ్రాయు మాటలలో నున్నది. "ప్రమాదము జరిగెను" అనుట సంగతి. "మరల చేర్చుకొనదగడు" అనుట అభిప్రాయము. "బండిని విడిచి వెళ్లెను" అనుట సంగతివలె కనబడు అభిప్రాయము. ఈ కడపటి మాటనే తీసికొనుడు. ఒక యువకుడు ఆరు వారములు పని చేసెననుకొందము. ఇంటినుండి తల్లికి జబ్బుగా నున్నదని కబురు వచ్చినది. కంపెనీలో బండ్లు పంపు ఉద్యోగికి ఫోను చేసినాడు. "ఈ సరకు దింపి, మరియొక సరకు తీసికొని, ఆపైన చూతము" అని అతడు చెప్పినాడు. ఆ యువకుడు సరకు దింపినాడు. కంపెనీ స్థలములలో దగ్గరిదానిలో బండి నిలిపి, తాళము అప్పగించి, బస్సెక్కి ఇంటికి పోయినాడు. కంపెనీవారు తాము చెప్పిన చోట బండి అప్పగింపలేదని "బండిని విడిచి వెళ్లెను" అని వ్రాసినారు. మరియొకడు కోపము వచ్చి, సరకుతో నున్న లారీని ఏదో పెట్రోలు బంకువద్ద వదలి, తాళము పారవైచి పోయినాడు. ఆ బండికొరకు మరియొక డ్రైవరును వందల మైళ్లు పంపవలసి వచ్చినది; సరకు చెడిపోయినది. అతనికిని అదే మాట వ్రాసినారు. చదువువానికి ఈ యిద్దరును ఒక్కటే.

ఇట్టి మాట పాత డ్రైవరుకంటె క్రొత్తవానికే ఎక్కువ హాని చేయును. ఇరువది ఏండ్లు బండి నడిపినవానికి పది చోట్ల పేరుండును. తొమ్మిది మంచి మాటల నడుమ ఒక చెడ్డ మాట కలిసిపోవును. క్రొత్తవానికి ఉన్నది ఒక్క యజమానియే. ఆ ఒక్క మాటయే అతని చరిత్ర అంతయు.

అదియు గాక, క్రొత్తవాని నెవరు చేర్చుకొందురో నిర్ణయించుటలో బీమా కంపెనీలకు పెద్ద చేయి కలదు. ఒకటి రెండు సంవత్సరముల అనుభవము లేనివానికి బీమా ఖర్చు పెరుగును గనుక చిన్న కంపెనీలు అతనిని తీసికొనవు. తీసికొను పెద్ద కంపెనీలు కొన్నియే. అవి తరచుగా ఒకే రిపోర్టును చూచును. ఒక తలుపు మూసికొన్నదనిన తక్కిన తలుపులును అదే గొళ్లెముతో మూసికొన్నట్లే. మరి కాలమో, అతనికి అనుకూలము కాదు. కొన్ని నెలలు బండి నడుపక యున్నచో, నేర్చిన విద్య మరచియుండునని అనేక కంపెనీలు మరల శిక్షణ పొందుమనును. మొదటి శిక్షణకైన అప్పు మాత్రము తీరక నిలిచియుండును. లైసెన్సు చేతిలో నుండియు పని లేదు. పని లేకయు అప్పు ఉన్నది.

ఈ సందర్భమున ఒక విచిత్రము గమనింపదగినది. అమెరికాలో దూరప్రయాణపు సరకు మోయు పెద్ద కంపెనీలలో డ్రైవర్లు మానుట, మారుట చాల ఎక్కువ. అచటి లారీ యజమానుల సంఘము ప్రకటించిన లెక్కలలో ఇది కొన్ని సంవత్సరములలో నూటికి 90 ని మించినది. అనగా నూరుగురు డ్రైవర్లు గల కంపెనీ సంవత్సరమునకు ఇంచుమించు నూరుగురిని క్రొత్తగా చేర్చుకొనవలసి వచ్చుచున్నది. ఇంతమంది మానుచున్నచోట, మానినవాని గూర్చి వ్రాయు అధికారము కంపెనీ చేతిలో పగ్గమువంటిది. ఆ పగ్గమును ఎప్పుడును లాగకున్నను, అది ఉన్నదని డ్రైవరునకు తెలియును.

అపాయము అచటనే యున్నది. అచటి నియమము ప్రకారము సరకు లారీ డ్రైవరు వరుసగా 10 గంటలు విశ్రమించిన పిమ్మట, 14 గంటల వ్యవధిలో 11 గంటలకు మించి బండి నడుపరాదు. నిద్ర ముంచుకొని వచ్చుచున్నను, రోడ్డుపై మంచు గడ్డకట్టినను, "ఇప్పుడు కాదన్నచో నా పేరు చెడగొట్టుదురు" అను భయముతో క్రొత్తవాడు బండి కదలించిన యెడల, ఆ భయమునకు మూల్యము చెల్లించువాడు అతడొక్కడే కాదు. ఎదురుగా వచ్చు కారులోని వారును చెల్లింతురు. రోడ్డును కాపాడుటకు పుట్టిన లెక్క రోడ్డుకే ముప్పు తెచ్చినట్లగును. ఈ సంగతిని శాసనకర్తలు గుర్తింపకపోలేదు. భద్రతా నియమమునకు విరుద్ధముగా బండి నడుపుటకు నిరాకరించిన డ్రైవరుపై కంపెనీ కక్ష సాధింపరాదని 1982 నాటి చట్టము చెప్పుచున్నది. అట్లు జరిగినచో 180 దినములలో కార్మిక శాఖకు చెందిన వృత్తి భద్రతా విభాగమున ఫిర్యాదు చేసికొనవచ్చును.

డ్రైవరునకు మరి కొన్ని హక్కులును కలవు. 1970 లో చేసిన పరపతి నివేదికల చట్టము ఉద్యోగ చరిత్ర నివేదికలకును వర్తించును. దాని ననుసరించి, డాక్ రిపోర్టువంటి దానిని డ్రైవరు 12 నెలల కొకసారి ఉచితముగా తెప్పించుకొనవచ్చును. తప్పున్నదని వ్రాసినచో సంస్థ సాధారణముగా 30 దినములలో విచారింపవలెను. రుజువు కాని దానిని తీసివేయవలెను. విచారణ పిమ్మటయు వివాదము తీరనిచో, డ్రైవరు తన పక్షమును క్లుప్తముగా వ్రాసి జత చేయుమని కోరవచ్చును. లారీ డ్రైవర్లు తరచుగా దూరమునుండి టపా ద్వారాను, ఫోను ద్వారాను, కంప్యూటరు ద్వారాను దరఖాస్తు చేయుదురు. అట్టివారి కొరకు ప్రత్యేక నియమ మొకటి కలదు: నివేదిక కారణముగా పని నిరాకరించినచో 3 పని దినములలో ఆ సంగతి తెలుపవలెను.

పాత యజమాని నేరుగా పంపిన భద్రతా చరిత్ర విషయమునను ఇట్టి హక్కు కలదు. డ్రైవరు వ్రాసి అడిగినచో దానిని చూపవలెను. అతడు తప్పు చూపినచో పాత యజమాని 15 దినములలో సవరింపవలెను. లేదా అంగీకరింపనని తెలుపవలెను. అంగీకరింపనిచో డ్రైవరు తన ప్రతివాదమును వ్రాసి దానికి చేర్పించుకొనవచ్చును. నివేదికల సంస్థలపైనను ప్రభుత్వపు కన్ను లేకపోలేదు. 2012 లో, నివేదికల యథార్థతకు తగిన జాగ్రత్త తీసికొనలేదను మొదలగు ఆరోపణలపై హైర్‌రైట్ సొల్యూషన్స్ సంస్థ 26 లక్షల డాలర్లు చెల్లించుటకు ఫెడరల్ ట్రేడ్ కమీషనుతో రాజీపడినది.

అయితే హక్కు కాగితముపై నుండుట వేరు, చేతికి వచ్చుట వేరు. తప్పు సంగతిని సవరింపవచ్చును. అభిప్రాయమును సవరించుట ఎట్లు? "మరల చేర్చుకొనదగడు" అనునది అబద్ధమని ఎవరు రుజువు చేయగలరు? చేర్చుకొనువారు వారే గదా! మరియు విచారణకు నెల దినములు పట్టినచో, ఆ నెల అద్దె ఎవరు చెల్లింతురు? అందువలన తెలివిగల పాత డ్రైవర్లు క్రొత్తవారికి చెప్పు బుద్ధులు వినదగినవి. పని మానదలచినచో ముందుగా వ్రాసి తెలుపవలెను. ఒప్పుకొన్న సరకు దింపవలెను. బండిని కంపెనీ చెప్పిన స్థలముననే అప్పగించి, ఎవరికి, ఏ గంటకు అప్పగించినదియు వ్రాయించుకొని, బండి స్థితిని ఫొటో తీసి యుంచవలెను. క్రొత్త దరఖాస్తు చేయుటకు ముందే తన రిపోర్టును తాను చదువుకొనవలెను. చెడ్డ మాట వ్రాసిన యజమాని పేరును దరఖాస్తులో దాచరాదు; గడచిన ఉద్యోగములన్నియు వ్రాయవలెనని నియమమే యున్నది. దాచిన సంగతి బయటపడినపుడు మొదటి తప్పుకంటె దాచుటయే పెద్ద తప్పగును. జరిగినది జరిగినట్లు ముందుగా తానే చెప్పి, కాగితములు చూపినవానిని వినువారు తక్కువైనను లేకపోరు. అట్టి ఒక యజమానివద్ద ఒక సంవత్సరము నిలిచినచో, ఆ ఒక్క మాటకు ప్రక్కన రెండవ మాట చేరును.

మన పల్లెలలో పూర్వము షావుకారు పద్దు పుస్తక ముండెడిది. వ్రాయువాడు షావుకారు; చదువురాని రైతు వ్రేలిముద్ర వేయువాడు. షావుకారు లందరు మోసగాండ్రు కారు. అనేకులు న్యాయముగానే వ్రాసిరి. కాని రైతునకు చదువు వచ్చిన దినమున, న్యాయముగా వ్రాయు షావుకారు పుస్తకము కూడ మునుపటికంటె శుభ్రమైనది. తన గూర్చి వ్రాసినదానిని తాను చదువగలుగుట, చదివి "ఇది ఇట్లు కాదు" అని ప్రక్కన వ్రాయగలుగుట – ఈ రెండును ఉన్నచోట పద్దు నమ్మదగిన దగును.

అమెరికాలోని ఆ యువ డ్రైవరునకు కావలసినదియు ఇంతకంటె ఎక్కువ కాదు. ప్రమాదకరుడైన వానిని బండి యెక్కనీయరాదు. అందు సందేహము లేదు. ఆరు వారముల అనుభవములో జరిగిన పొరపాటును మాత్రము ఆరు వారముల పొరపాటుగానే చూడవలెను. జీవితమునకు తీర్పుగా చూడరాదు.

ఈ మాట యజమానులకును, పనివారికిని మాత్రమే చెప్పునది కాదు. మన ఇంటిలో పని మానిపోయిన మనిషిని గూర్చి రేపు ప్రక్కింటివారు మనలను అడుగుదురు. అపుడు మనము చెప్పు ఒక్క మాట ఆ మనిషి ఇంటిలో పొయ్యి వెలుగునో లేదో నిర్ణయింపవచ్చును. చెప్పుటకు ముందు, ఆ మనిషి ఎదుట నిలిచియున్నను ఆ మాటయే చెప్పుదుమా అని ఒక్క క్షణము ఆలోచించిన చాలును.